సీత అని పేరు పెడితే కష్టాలు వస్తాయా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాం. ఈమధ్యే నాకు పాప పుట్టింది. శతభిషం మూడో పాదం, ‘సీ’ అక్షరం వచ్చిందని పంతులుగారు చెప్పారు. ఆ మాట వినగానే మా అత్తగారు ‘సీత’ అని పెడదాం అన్నారు. ఆవిడ తల్లిగారి పేరు అదే. నాకూ నచ్చింది. కానీ మా అమ్మ ఒకటే గొడవ. ‘సీత పేరు పెట్టుకున్న ఆడపిల్ల సుఖపడదు’ అంటోంది. మా పెద్దమ్మ పేరు సీతామహాలక్ష్మి. పెళ్ళయిన మూడేళ్ళకే పెదనాన్న ఆమెను వదిలేసి వెళ్ళిపోయాడు. పెద్దమ్మ అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి కొడుకును చదివించుకుంది, ఇప్పుడు వాడి దగ్గరే ఉంటోంది. అమ్మ ప్రతిదానికీ ఆమెనే చూపిస్తుంది. మా ఆడపడుచేమో ‘మరీ పాతకాలం పేరు వదినా, స్కూల్లో ఏడిపిస్తారు, సియా అనో సితార అనో పెట్టండి’ అంటోంది. మావారు ఎటూ తేల్చరు. ఇరవై ఒకటో రోజున బారసాల. అసలు ఈ పేరుకు అర్థమేమిటి, ఎప్పటి నుంచి ఉంది, ఈ రోజుల్లో ఎవరైనా పెడుతున్నారా? పెట్టమంటారా, వద్దంటారా?

– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ పాపకు ఆశీస్సులు. బాలింతగా ఉండి ఇంత టెన్షన్ నెత్తిన పెట్టుకోకండమ్మా. మీ ఇంట్లో వినిపిస్తున్న మాటల్లో మీ ఆడపడుచుది తేలిక. ముందు దాన్ని తేల్చేద్దాం.

సీత పాతకాలం పేరు, సియా కొత్త పేరు అంటోంది కదా ఆవిడ. సియా అన్నా సీతే. అయోధ్య చుట్టుపక్కల మాట్లాడే అవధీలో సీతను సియా అంటారు. తులసీదాసు రామచరితమానస్ రాసింది ఆ భాషలోనే. ఉత్తరాదిలో ‘సియావర్ రామచంద్ర కీ జై’ అని జనం అరిచేది సీతమ్మ మొగుడికి జై కొడుతూనే. కాబట్టి మీ ఆడపడుచు కూడా, తనకు తెలియకుండానే, మీ అత్తగారి పక్షమే. సితార సంగతి వేరు. అది పారసీ నుంచి ఉర్దూలోకి, అక్కణ్ణుంచి మనకూ వచ్చిన మాట, నక్షత్రం అని అర్థం. మంచి పేరే. కానీ దానికీ సీతకూ అక్షరాల పోలిక తప్ప చుట్టరికం లేదు.

ఇక అర్థం. సీత అంటే నాగేటి చాలు. అరక దున్నుతూ పోతుంటే కర్రు వెనకాల నేల విచ్చుకుని పడే గాడి. ఆ పేరు ఎందుకు పెట్టారో వాల్మీకి రామాయణం బాలకాండలో జనకుడు విశ్వామిత్రుడికి తనే చెబుతాడు. యజ్ఞం కోసం నేల దున్నుతుంటే నాగటి చాలులో దొరికింది, అందుకే సీత అన్న పేరుతో ప్రసిద్ధి పొందింది అంటాడు. ఇంత వివరంగా తండ్రి నోటితో పేరు వెనక కథ చెప్పించుకున్న ఆడపిల్లలు మన పురాణాల్లో ఎక్కువమంది లేరు.

అయితే ఈ మాట రామాయణంతో పుట్టలేదు. ఋగ్వేదం 4వ మండలంలో 57వ సూక్తం ఉంది. పూర్తిగా వ్యవసాయం సూక్తం అది. ఎద్దులు, నాగలి, దున్నేవాళ్ళు, వాన, అన్నీ వస్తాయి. అందులో సీతను పేరు పెట్టి పిలుస్తారు. ఓ సీతా, మా వైపు రా, నీకు మొక్కుతున్నాం, మాకు సౌభాగ్యం ఇవ్వు, మంచి పంటనివ్వు అని. అక్కడ రాముడూ లేడు, రావణుడూ లేడు, అడవులూ అగ్నులూ లేవు. దున్నిన నేల, దాని మీద పెట్టుకున్న ఆశ, అంతే. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో రాజుగారి సొంత భూముల సేద్యం చూసే అధికారిని సీతాధ్యక్షుడు అన్నారు. అంటే వ్యవసాయ శాఖ అధికారికి సీత పేరుతో పదవి. మీ ఆడపడుచుతో చెప్పండి, అవును, పాత పేరే, మీరనుకున్న దానికన్నా ఇంకా చాలా పాతది అని.

ఇప్పుడు అసలు విషయం, మీ అమ్మగారి భయం. దాన్ని కొట్టిపారెయ్యను. ‘సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి’ అని సామెత పెట్టుకున్న జాతి మనది. కష్టాలకు కొలమానంగా ఆమెనే పెట్టుకున్నాం. పైగా ఈ భయం మన ఒక్కళ్ళదీ కాదు. సీత పుట్టిల్లు మిథిలలో, అంటే బీహారు ఉత్తర భాగంలోనూ నేపాల్లోని జనక్‌పూర్ ప్రాంతంలోనూ, మార్గశిర శుద్ధ పంచమిని వివాహ పంచమి అంటారు. సీతారాముల పెళ్ళి జరిగింది ఆ రోజేనని నమ్మకం. ఊరేగింపులతో, పాటలతో దేవుడి పెళ్ళి బ్రహ్మాండంగా చేస్తారు. కానీ ఆ రోజున తమ ఆడపిల్లలకు ముహూర్తం పెట్టడానికి అక్కడ చాలామంది ఒప్పుకోరు. మా పిల్ల ఆ పెళ్ళి చేసుకుని ఏం సుఖపడింది అంటారు. పుట్టింటివాళ్ళ కోపం అది. అల్లుడి మీద ఇన్ని యుగాలైనా తీరలేదు. మీ అమ్మగారిది కూడా అలాంటి కోపమే అని నా అనుమానం. అక్కకు జరిగింది మర్చిపోలేక, దాన్ని పేరు మీదికి తోసేస్తున్నారు.

కానీ ఒక సంగతి చూడండి. ఇదే భయం ఉన్న ఇళ్ళల్లో జానకి అని పెడతారు. వైదేహి అని పెడతారు, మైథిలి అని పెడతారు. ఎవరూ కంగారు పడరు. ఆ మూడూ ఎవరి పేర్లు? జనకుడి కూతురు, విదేహ రాజ్యపు పిల్ల, మిథిల అమ్మాయి. వనవాసానికి వెళ్ళింది ఈమే, అశోకవనంలో కూర్చున్నదీ ఈమే. పేరుతోపాటు తలరాత కూడా వచ్చేటట్టయితే జానకి అని పిలిచినా రావాలిగా.

ఇంకొకటి. సీత పేరు మోసేవాళ్ళలో సగంమంది మగవాళ్ళు. అల్లూరికి పుట్టినప్పుడు పెట్టిన పేరు శ్రీరామరాజు. ఆ తర్వాత సీతారామరాజు అయ్యాడు, ఈ పేరుతోనే మన్యం అంతా తెలిసింది. మచిలీపట్నంలో 1923లో ఆంధ్రా బ్యాంకు మొదలుపెట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య, పాటల సిరివెన్నెల సీతారామశాస్త్రి, రాజకీయాల్లో సీతారాం ఏచూరి. సీతయ్యలు, సీతారాములు, సీతారామాంజనేయులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. పిల్లాడికి సీతారామ్ అని పెడుతున్నప్పుడు ‘అయ్యో, సీత వచ్చింది, కష్టాలొస్తాయేమో’ అని ఏ అమ్మమ్మా అన్నట్టు నేను వినలేదు. మగపిల్లాడికి పెడితే రాని కష్టం ఆడపిల్లకే వస్తుందంటే, ఆ కష్టం పేరులో లేదన్నమాట. ఎక్కడుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మీ పెళ్ళి శుభలేఖ ఒకటి బీరువాలో ఎక్కడో దాచే ఉంటారు. తీసి చూడండి. పైన, గణపతి బొమ్మ కింద, చిన్న అక్షరాల్లో ‘జానక్యాః కమలామలాంజలిపుటే’ అని ఒక శ్లోకం ఉండే అవకాశం చాలా ఎక్కువ. తెలుగువాళ్ళ శుభలేఖల్లో ఎవరూ చదవకుండా వదిలేసే భాగం అదే. అర్థం చాలా ముచ్చటగా ఉంటుంది. సీత దోసిట్లో ఉన్నప్పుడు ఆ తలంబ్రాల ముత్యాలు ఆమె చేతుల ఎరుపుకి కెంపుల్లా మెరిశాయట. రాముడి తల మీద పోస్తే తెల్లటి మల్లెల్లా ఉన్నాయట. ఆయన నల్లటి ఒంటి మీదుగా జారుతుంటే నీలాల్లా కనిపించాయట. శ్రీరాముడి పెళ్ళినాటి ఆ ముత్యాలు మీకు శుభం కలిగించాలి అని ముగుస్తుంది. సీత పేరు అశుభమైతే కొత్త దంపతులకు దీవెనగా ఈ శ్లోకం ఎందుకు అచ్చు వేయించుకుంటాం? పెళ్ళి పందిట్లో మైకులో మొదటి పాట సీతారాముల కల్యాణం పాటే ఎందుకు పెడతాం?

మీది ఖమ్మం జిల్లా అన్నారు. 2016లో జిల్లాలు విడదీసేదాకా భద్రాచలం మీ జిల్లాలోనే ఉండేది కాబట్టి మీకు నేను చెప్పేదేముంది. నవమి నాటి కల్యాణానికి వడ్లను రోట్లో దంచకుండా, ఒక్కో గింజ గోటితో ఒలిచి తలంబ్రాల బియ్యం సిద్ధం చేసే భక్తులు గోదావరి జిల్లాల్లో ఉన్నారు. ఆ తలంబ్రాలు నాలుగు గింజలు దొరికితే ఇంటికి తెచ్చి, పెళ్ళి కావలసిన పిల్ల ఉంటే ఆ పిల్ల కోసం దాచిపెడతారు. గుళ్ళో సీతమ్మ ఎక్కడుంది? పక్కన నిలబడి లేదు, రాముడి ఎడమ తొడ మీద కూర్చుని ఉంది. పర్ణశాలకు వెళ్తే వాగు ఒడ్డున బండల మీద చారలు చూపించి, సీతమ్మ నారచీరలు ఆరేసుకున్న గుర్తులని చెబుతారు. వనవాసంలో కూడా ఆమె బట్టలుతుక్కుని ఆరేసుకున్న చోటు చూపించి మురిసిపోయేవాళ్ళం మనం.

భద్రాచలం గుడి కట్టించిన రామదాసు ఆమెకు నగ చేయించి, జైల్లో కూర్చుని ఆ లెక్క రాముడికే చెప్పాడు, సీతమ్మకు చేయిస్తి చింతాకు పతకము అని. రాముడు పలక్కపోతే, నన్ను కాపాడమని నువ్వయినా చెప్పవే సీతమ్మ తల్లీ అని ఆమెకు మొరపెట్టుకున్నాడు. నాన్నతో పని పడితే అమ్మను పట్టుకున్నట్టు. తంజావూరు సీమలో ఉండి తెలుగులో పాడిన త్యాగయ్య కూడా అంతే. సీతమ్మ మాయమ్మ అన్నాకే శ్రీరాముడు మాతండ్రి అన్నాడు. ఈ ఇద్దరి పాటల్లో ఆమె కష్టాలు పడే ఆడది కాదు, పనులు జరిపించగల ఇంటి పెద్ద.

మరి ఏడ్చే సీత మన మనసుల్లోకి ఎప్పుడొచ్చింది? దీంట్లో 1963 నాటి లవకుశ సినిమా పాత్ర పెద్దదని నా అభిప్రాయం. తెలుగులో పూర్తి నిడివి రంగుల చిత్రం అదే మొదటిది. బళ్ళు కట్టుకుని వెళ్ళి చూశారు జనం. అంజలీదేవి ఆ పాత్రలో ఎంత గొప్పగా చేసిందంటే, మన అమ్మలకు, అమ్మమ్మలకు సీత అంటే నిండు గర్భంతో అడవిలో నిలబడిన ఆ ముఖమే. గొప్ప సినిమాయే, కాదనను. కానీ అది ఉత్తరకాండ కథ. ఉత్తరకాండ రామాయణంలోకి తర్వాత వచ్చి చేరిందని చాలామంది పండితులు అంటారు. తెలుగులో భాస్కర రామాయణం గానీ మొల్ల రామాయణం గానీ అంతదూరం పోవు, పట్టాభిషేకంతో ఆగిపోతాయి. మొల్ల కథలో మనం సీతను చివరిసారి చూసేది సింహాసనం దగ్గరే.

వాల్మీకి సీత కూడా మెతక మనిషేం కాదు. అడవికి నేనొక్కణ్ణే వెళ్తాను, నువ్వు ఇక్కడే ఉండు అని రాముడు అన్నప్పుడు ఆమె అన్న మాట అయోధ్యకాండలో ఉంది. మగవాడి రూపంలో ఉన్న ఆడదాన్ని అల్లుడిగా తెచ్చుకున్నానని మా నాన్న అనుకుని ఉండడు అంటుంది. మొగుడి ముఖం మీదే. ఈ కాలంలో కూడా అత్తవారింట్లో అంత మాట అనేవాళ్ళు అరుదు (ఆ తిట్టులో ఆడదనడం ఈనాటి చెవికి బాగుండదు, అది వేరే సంగతి). లంకలో రావణుడు ఎదురుగా నిలబడితే గడ్డిపరక అడ్డం పెట్టుకుని మాట్లాడింది. హనుమంతుడు వీపు మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోతానంటే, వద్దు, రాముడే వచ్చి గెలిచి తీసుకుపోవాలి అంది. మీ అమ్మగారికి సుందరకాండ పారాయణ చేసే అలవాటుంటే ఈ రెండు ఘట్టాలూ ఎన్నోసార్లు చదివే ఉంటారు.

ఆడవాళ్ళు పాడుకున్న పాటల్లో సీత ఇంకా మన ఇంటి మనిషి. సీతమ్మ వేవిళ్ళ పాట ఉంది. సీత గడియ అని ఇంకో పాట ఉంది. అందులో గడియ పెట్టిన తలుపు, లోపల అలిగిన రాముడు, బయట పనులన్నీ ముగించుకుని ఆలస్యంగా వచ్చిన సీత, మధ్యలో కొడుకును మందలించే కౌసల్య. ఉమ్మడి కుటుంబంలో కాపురం చేసినవాళ్ళకు ఈ పాట విడమరిచి చెప్పక్కర్లేదు. ‘సీతమ్మ వాకిట సిరిమల్లె చెట్టు’ పిల్లల్ని ఆడిస్తూ పాడే పాటే. రంగురంగుల పురుగును సీతాకోకచిలుక అన్నాం, తోటలో వేలాడే పువ్వును సీతమ్మవారి జడ అన్నాం. సీతాఫలం అయితే అసలు ఈ దేశపు పండే కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. అలా వచ్చినదానికి కూడా ముద్దుగా సీత పేరు తగిలించుకున్నాం. పలికితే దరిద్రం అనుకునే పేరు అయితే పండ్లకీ పూలకీ ఎందుకు పెట్టుకుంటాం?

ఇప్పుడు పెడుతున్నారా అని అడిగారు. ఒక్క ‘సీత’గా తక్కువే. ఏ ఊళ్ళోనైనా పింఛను కోసం క్యూలో నిలబడ్డ ముసలమ్మల పేర్లు పిలుస్తుంటే వినండి, సీతమ్మ, సీతామహాలక్ష్మి, సీతారత్నం, సీతారావమ్మ వరసగా వస్తాయి. అదే ఎల్‌కేజీ క్లాసు హాజరుపట్టీలో వెతికితే దొరకడం కష్టం. అక్కడ ఆద్యలు, శాన్వులు, అన్వితలు ఉంటారు. మధ్యతరంలో నవలల పేర్లు, సినిమాల పేర్లు వచ్చాయి, తాతమ్మల పేర్లు రెండో పేరుగా వెనక్కి జరిగి, చివరికి సర్టిఫికెట్లలోంచి కూడా జారిపోయాయి. తమాషా ఏమిటంటే సినిమావాళ్ళు మాత్రం ఈ పేరును వదల్లేదు. 1978లో విశ్వనాథ్ సినిమా పేరే సీతామాలక్ష్మి. 2006లో గోదావరి సినిమాలో పడవెక్కిన అమ్మాయి సీతామహాలక్ష్మి. 2022లో సీతారామంలో అయితే నూర్జహాన్ అనే రాకుమారి సీతామహాలక్ష్మి పేరుతో ఉత్తరాలు రాస్తుంది. తెర మీద ఆ పేరు వింటే హాయిగా ఉంటుంది మనకు, ఇంట్లో పెట్టుకోవడానికి మాత్రం జంకుతాం.

ఆ పేరుతో నిండుగా బతికిన ఆడవాళ్ళు కూడా కావాలంటే ఉన్నారు. వాసిరెడ్డి సీతాదేవి నవలలు రాసింది, వాటిలో ఒకదాన్ని ప్రభుత్వం నిషేధించినా వెనక్కి తగ్గలేదు. వింజమూరి అక్కచెల్లెళ్ళు అనసూయ, సీత పల్లెపాటలను ఊళ్ళలోంచి సభల్లోకి, రేడియోలోకి తీసుకొచ్చారు. వాళ్ళకు కష్టాలు లేవని నేను అనడం లేదు. కష్టాలు లేని మనిషి ఎవరు? ఆ కష్టాలకు పేరును ఎవరూ తప్పుపట్టలేదు, అది చెబుతున్నా.

స్కూల్లో ఏడిపిస్తారేమో అన్నది చిన్న విషయం. ఏడిపించాలనుకున్న పిల్లలు ఏ పేరునైనా విరుస్తారు. రాముడెక్కడ, రావణుడెక్కడ అంటారు కొన్నాళ్ళు, తర్వాత వాళ్ళకే విసుగొస్తుంది. నలుగురు శాన్వులున్న క్లాసులో ఒక్కతే సీత ఉంటే టీచరు మొదటి రోజే గుర్తుపెట్టుకుంటుంది, అది లాభమే. మీ పాప రేపు ఏ దేశం వెళ్ళినా రెండక్షరాలు పలకలేనివాళ్ళు ఉండరు. థాయిలాండులో ఆమె సీడా, జావాలో సింతా. అక్కడి రామకథ ఆటల్లో ఇప్పటికీ ఆమె వేషం కడతారు.

ఇక మీ పెద్దమ్మ. మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆవిడే. ఆమెను వదిలేసి వెళ్ళింది ఒక మగవాడు. ఆయనకూ ఒక పేరుండే ఉంటుంది. ఆ పేరు పెట్టుకున్న పిల్లలు పెద్దయ్యాక పెళ్ళాలను వదిలేస్తారని మీ ఇంట్లో ఎప్పుడైనా ఎవరైనా భయపడ్డారా? ఆయన చేసిన పనికి ఆయన పేరు మాసిపోలేదు, ఆవిడ పేరు మాసిపోయింది. ఇది నాకు అన్యాయంగా తోస్తోంది. అంగన్‌వాడీ జీతం మీద పిల్లాణ్ణి చదివించి ఒక దారికి తెచ్చిన మనిషి గురించి నలుగురిలో ‘సుఖపడలేదు’ అన్న ఒక్క మాటే చెప్పుకుంటున్నారంటే, ఆమె ఆ మాట ఎన్నిసార్లు విని ఉంటుందో ఆలోచించండి. పాపకు ఆ పేరు వద్దనడం కూడా ఆమెకు తెలిసే ఉంటుంది. ఇళ్ళల్లో ఇలాంటివి దాగవు.

అందుకని నా సలహా ఇది. మీ అమ్మగారితో వాదన పెట్టుకోకండి, నేను పైన రాసిన వేదమూ శాస్త్రమూ ఆవిడ మీద ప్రయోగించకండి. భయపడ్డ మనిషికి ఆధారాలు చూపిస్తే ఇంకా బిగుసుకుంటారు. పెద్దమ్మకు మీరే ఫోన్ చేయండి, పక్కన ఎవరూ లేనప్పుడు. పాపకు సీత అని పెట్టాలనుకుంటున్నాం, మీకెలా ఉంటుంది పెద్దమ్మా అని నేరుగా అడగండి. పెట్టమ్మా అంటే, ఆ సంగతి మీ అమ్మగారికి ఆవిడ నోటితోనే చెప్పించండి. అక్క మాట ముందు చెల్లెలి భయం నిలవదు. ఒకవేళ ఆవిడే వద్దంటే మాత్రం ఇంకేం మాట్లాడకుండా మానేయండి. ఆ పేరుతో బతికింది ఆవిడ, నేనూ మీరూ కాదు. మీ అత్తగారికి కూడా కారణం చెప్పి ఒప్పించవచ్చు.

అలా మానేయాల్సి వచ్చినా దారి ఉంది. బారసాలలో పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో రాసేటప్పుడు ఒక్క పేరే రాయాలని లేదు. నక్షత్రం పేరు, ఇంటి ఇలవేల్పు పేరు, పిలిచే పేరు, మూడూ రాయించేవాళ్ళు ఉన్నారు. బియ్యంలో సీత అని రాసి, పిలుపుకు జానకి అని పెట్టుకోవచ్చు. ‘సీ’తో మొదలవ్వాలన్న పట్టింపు నక్షత్ర నామానికే, బడిలో రాయించే పేరుకు కాదు. మీ అత్తగారికి తల్లి పేరు దక్కుతుంది, మీ అమ్మగారికి నిద్ర పడుతుంది.

సీతే ఖాయం చేసుకుంటే, దయచేసి దాన్ని సాగదీయకండి. ఇంటర్నెట్‌లో చూసి సీతాన్షి, సీతన్వి లాంటివి తయారు చేస్తున్నారు, వాటి పక్కన ఏదో అర్థం కూడా రాసి ఉంటుంది. అందులో చాలావాటికి ఏ నిఘంటువులోనూ చోటు లేదు. రెండక్షరాల పేరుకు అందం ఆ రెండక్షరాలే.

ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కటి ముందే తేల్చుకోండి. మనవాళ్ళు ‘త’ రాయాలంటే టీ పక్కన హెచ్ పెడతారు, ‘ఈ’ కోసం డబుల్ ఈ పెడతారు. ఇక్కడ బాగానే ఉంటుంది, బయటి దేశంలో హెచ్ చూడగానే ‘సీథా’ అంటారు. ఎస్, ఐ, టి, ఏ అని నాలుగక్షరాలతో రాస్తే చాలు, పుస్తకాల్లో ఎక్కడైనా ఎక్కువగా కనిపించేది అదే. ఆసుపత్రి కాగితంలో ఒకటి, ఆధార్‌లో ఒకటి, స్కూల్లో ఇంకొకటి పడిందంటే పాస్‌పోర్టు రోజున అఫిడవిట్ల కోసం తిరగాలి.

బారసాల తేదీ దగ్గర పడిందని కంగారూ వద్దు. చట్ట ప్రకారం పుట్టుకను 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, అంతే. పేరు లేకుండా కూడా నమోదు చేస్తారు. తర్వాత ఏడాదిలోపు ఎప్పుడైనా పేరును ఉచితంగా చేర్పించుకోవచ్చు, అది దాటితే 15 ఏళ్ళ దాకా కొద్దిపాటి రుసుము కట్టి చేర్పించుకోవచ్చు. ఆసుపత్రివాళ్ళు పంపిన నమోదు సరిగ్గా జరిగిందో లేదో మీవారిని మున్సిపల్ ఆఫీసుకు పంపి కనుక్కోమనండి. ఎటూ తేల్చని మనిషికి అదొక పని.